మా బ్యాచ్ సబ్‌స్టేషన్

మా బ్యాచ్‌లో ఎవడికి ప్రమోషనొచ్చినా, ఎవరింట్లో మనవరాలు పుట్టినా ఆ సంగతి ముందు కాకినాడ చేరి, అక్కణ్ణించి మిగతా ప్రపంచానికి సరఫరా అవుతుంది. పుట్టింది డల్లాస్‌లోనే అయినా, అక్కడే పక్క వీధిలో ఉన్న క్లాస్‌మేట్‌కి కబురు కాకినాడ మీదుగానే అందాలి. కాకినాడలో మావాడున్నాడు. కరెంటాఫీసులో ఇంజినీరు. మేం పెట్టుకున్న పేరు సబ్‌స్టేషన్.

మేం 1995లో ఎలక్ట్రికల్ పూర్తి చేసిన 44 మందిమి. చదివిన కాలేజీ 1946లో విశాఖపట్నంలో పుట్టి, ఆనక కాకినాడకి మకాం మార్చింది. కాలేజీయే ఊరు మారినప్పుడు పిల్లలు మాత్రం కుదురుగా ఎందుకుంటారు? నాలుగేళ్ళు మోటార్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ చదివి, అమీర్‌పేటలో నాలుగు నెలలు కోబాల్ నేర్చుకుని, 2000 వస్తే కంప్యూటర్లు తారీకు మర్చిపోతాయట, గుర్తు చెయ్యాలంటూ సగంమంది అమెరికా వెళ్ళిపోయారు. సబ్‌స్టేషన్ కదల్లేదు. "మీరు మూడు కంపెనీలు మారడానికి మూడు ఊళ్ళు తిరిగారు. నేను కుర్చీలోంచి లేవకుండానే మారాను" అంటాడు. నిజమే. చేరినప్పుడు అది విద్యుత్ బోర్డు. 1999లో ట్రాన్స్‌కో అయింది, మరుసటేడు డిస్కం అయింది. కుర్చీ అదే.

వాడికి మనుషులు పేర్లతో గుర్తుండరు, రోల్ నంబర్లతో గుర్తు. "22 గాడు ఇల్లు కొన్నాడ్రా. 31 గాడు పంతానికి అంతకన్నా పెద్దది కొన్నాడు." అమ్మాయిలు అయిదుగురు. చదువుకునే రోజుల్లో వాళ్ళతో మాట్లాడాలంటే వాడికి వణుకు. ముప్పై ఏళ్ళయినా ఆ వణుకు పోలేదు గనక వాళ్ళ నంబర్లకి మర్యాద తగిలిస్తాడు. "19 గారు వైస్ ప్రెసిడెంటయ్యారు."

వాడి స్వర్ణయుగం 2007 వేసవి. గ్రీన్‌కార్డు క్యూలో ఏ తారీకువాళ్ళ దాకా పిలుస్తున్నారో చెబుతూ అమెరికావాళ్ళు నెలనెలా ఒక బులెటిన్ వేస్తారు. క్యూ లేదు, అందరూ రావచ్చు అనడానికి అందులో వాడే మాట 'కరెంట్'. ఆ జూన్‌లో వచ్చిన బులెటిన్ చూస్తే, జూలై నుంచి మావాళ్ళందరికీ కరెంటే. సబ్‌స్టేషన్ అర్ధరాత్రి నన్ను లేపి "ఒరేయ్, అందరికీ కరెంటొచ్చిందిరా!" అని అరిచాడు. మా ఇంట్లో అప్పుడు కరెంటు లేదు. అదే చెప్పాను. "మీది కాదెహె, న్యూజెర్సీది" అన్నాడు. తీరా లాయర్లకి ఫీజులు కట్టి, వైద్య పరీక్షలు చేయించుకుని, పుట్టింటికొచ్చిన పెళ్ళాల్ని ఆఘమేఘాల మీద వెనక్కి రప్పించుకున్నాక, జూలై 2న పోయింది. గగ్గోలు పెడితే 17న మళ్ళీ వచ్చింది. నెల్రోజులే ఉంటుందన్నారు. రావడం, పోవడం, ఎంతసేపుంటుందో తెలీకపోవడం మావాడికి కొట్టిన పిండి. "ఏ దేశమైనా ఫీడర్ ఒకటేరా" అని ఫోన్లో అందరికీ ధైర్యం చెప్పాడు. ఆ గడువులో కాగితాలు పడేసినవాళ్ళు, పడెయ్యలేకపోయినవాళ్ళు అని వాడి లెక్కలో మా అమెరికా బ్యాచ్ ఇవాళ్టికీ రెండు తెగలు.

చెడ్డకబురు వాడి నోట చెడ్డగా రాదు. వోల్టేజి తగ్గించి వదుల్తాడు. ఉద్యోగం ఊడితే "సొంతంగా కన్సల్టింగ్ చేస్తున్నాడు". ఆర్నెల్లు దాటితే "ఆరోగ్యం మీద శ్రద్ధ పెట్టాడు". మారథాన్ పరిగెత్తాడన్నాడంటే మనం ఫోన్ చేసి పలకరించి తీరాలన్నమాట. "పిల్లాడు వాడికి నచ్చిందే చదువుతున్నాడు" అంటే అనుకున్న సీటు రాలేదని. "అమ్మాయి పెళ్ళి సింపుల్‌గా చేశారు" అంటే మనల్ని పిలవలేదని. "చాలా సింపుల్‌గా" అంటే అమ్మాయి వాళ్ళనీ పిలవలేదని.

ఇవన్నీ ఎలా గుర్తుంటాయని పోయినేడు వాళ్ళింటికెళ్ళినప్పుడు అడిగాను. బీరువాలోంచి లాగ్‌బుక్కు తీశాడు. సబ్‌స్టేషన్లలో గంటగంటకీ రీడింగులు రాసే పొడుగాటి పుస్తకం. ఏడాదికో పేజీ, పేజీకి 44 గళ్ళు. 12: ట్రిప్ అయింది, మూడు నెలలకి పునరుద్ధరణ. 8: లోడ్ పెరిగింది (కవలలు). 26: ఎల్సీ తీసుకున్నాడు. ఎల్సీ అంటే లైన్ క్లియర్, స్తంభమెక్కే ముందు లైన్‌మన్ సరఫరా ఆపించుకునే అనుమతి. ఆలుమగల మధ్య ఏడాదిపాటు మాటల్లేవని తాత్పర్యం. 38: పాత సర్వీసు రద్దు, కొత్త కనెక్షన్. 2021 పేజీ మాత్రం గబుక్కున తిప్పేశాడు.

నా గడి వెతుక్కున్నాను. 37: సప్లై నార్మల్. 1996లో నార్మల్. 2007లో నార్మల్. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పడం మొదలెట్టానా, ఇల్లు కట్టానా, ఇద్దరు పిల్లల్ని ఓ దారిలో పెట్టానా! మనసు చివుక్కుమంది.

"ఏం, నాకేమీ జరగలేదా ఇన్నేళ్ళల్లో?"

"ఏం జరిగిందో నువ్వే చెప్పరా, ఇప్పుడే రాసేస్తాను" అని పెన్ను మూత తీశాడు.

ఆలోచించాను. చెల్లెమ్మ పెట్టిన కాజా తిన్నాను. మళ్ళీ ఆలోచించాను.

"మొన్న బీపీ చూపిస్తే 160 ఉందన్నార్రా. ఇంట్లో చెప్పలేదు. ఎవరితోనూ అనకు."

వాడి మొహం వెయ్యి వాట్ల బల్బయింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నా గడిలో మాట మార్చాడు. హై వోల్టేజి.

రాజమండ్రిలో బస్సు దిగి ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ ఆవకాయ జాడీ అటక మీదికెక్కించి, స్టూలు దిగుతోంది.

"అట్లాంటా నుంచి ఎవరో ఆవిడ ఫోన్ చేసింది. మీకు ఉప్పు మాన్పించమంది. పేరడిగితే, 19 అని చెప్పండి, తెలుస్తుందంది. ఎవరండీ ఆవిడ?"