గదికో గంధర్వుడు

ఇల్లు కట్టుకుంటే ఒకప్పుడు ఒక్క సిద్ధాంతి వచ్చేవాడు. ఆగ్నేయంలో పొయ్యి, ఈశాన్యంలో నుయ్యి, నైరుతిలో బరువు అని చెప్పి, తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు విజయనగరం, శ్రీకాకుళాల్లో లేస్తున్న అపార్టుమెంట్ల కోసం రెండో సిద్ధాంతి తయారయ్యాడు. ఈయన చేతిలో పంచాంగం ఉండదు, ఫోను ఉంటుంది. హాలుకు ఒక రకం స్పీకరు, వంటింటికి ఇంకో రకం, పడగ్గదికి మెత్తగా పాడేది, స్నానాలగదికి తడిసినా చావనిది, పూజగదికి భక్తి గలది. అన్నీ తీగల్లేనివి, అన్నీ వైఫైని నమ్ముకున్నవి, అన్నీ ఒకే యాప్ చెప్పినట్టు వినేవి. ఒక్క గది వదిలేశారా, ఆ ఇంటికి నాదదోషం పట్టుకుంటుంది. దానికి శాంతి ఒక్కటే, ఈఎంఐ.

స్పీకర్ల మీద నాకేం కోపం లేదు. పాట వినేవాళ్ళను చూస్తే ముచ్చటే. నా గొడవంతా ఈ ‘గదికొకటి’ సిద్ధాంతంతోనే.

పైగా ఈ ఉపదేశం ఏ ఊళ్ళో జరుగుతోందో చూడండి. విజయనగరం 1919లోనే పూసపాటివారు సంగీత పాఠశాల పెట్టిన ఊరు. దానికి మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు. మైకు లేని కాలం నుంచీ గొంతునూ గజ్జెనూ నమ్ముకుని హరికథ చెప్పిన మనిషి. ఆ పాఠశాలలోనే ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పారు. మధూకరం ఎత్తుకుని తింటూ ఘంటసాల పాట నేర్చుకున్నదీ ఈ ఊళ్ళోనే. సుశీల పుట్టిందీ ఇక్కడే. వీళ్ళలో ఎవరూ వంటింటికి ఒక గొంతూ పడగ్గదికి ఒక గొంతూ పెట్టి పాడిన దాఖలా లేదు. ఊరు దాటి పల్లెల్లోకి వెళితే తప్పెటగుళ్ళవాళ్ళు ఉన్నారు. వాయిద్యాన్ని రొమ్ముకు కట్టుకుని, వాయిస్తూ ఎగురుతూ పాడతారు. వాళ్ళ తప్పెట ఏ ఫోనుతోనూ ‘పెయిర్’ కానక్కర్లేదు. అలాంటి చోట, గజం దూరంలో ఉన్న సోఫాలోకి పాట చేరాలంటే పన్నెండు పేజీల మాన్యువల్ చదవాలంటున్నారు.

సరే, సిద్ధాంతిగారి వెంట ఇల్లంతా ఒకసారి తిరిగివద్దాం.

ముందు వంటిల్లు. ఇక్కడ గాయకుడి మాట స్పష్టంగా వినబడాలట, అందుకు ప్రత్యేకమైన పెట్టె కావాలట. మిక్సీ తిరుగుతూ, చిమ్నీ రొదపెడుతూ, కుక్కరు మూడో ఈల వెయ్యబోతున్న వేళ ఆ స్పష్టతను కనిపెట్టేవాళ్ళకు సన్మానం చెయ్యాలి. వంటింట్లో ఉన్న మనిషి చెవులు ఈలలు లెక్కపెట్టడంలో ఉంటాయి. అక్కడ పాట తోడు కోసం. ఆ తోడు చెయ్యడానికి ఫోను చాలు, పాత ట్రాన్సిస్టరు ఇంకా బాగా చాలు.

స్నానాలగది స్పీకరు మీద ఐపీ 67 అని ముద్ర ఉంటుంది. మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా బతుకుతుందని అర్థం. మన స్నానాలగదుల్లో ఉండేది బకెట్టూ మగ్గూ. నాగావళికి వరదొచ్చి మూడో అంతస్తు ఎక్కితే తప్ప ఆ ముద్రకు పరీక్ష రాదు. అసలు దారుణం అది కాదు. నున్నటి టైల్స్ గోడలు గొంతును నాలుగు వైపుల నుంచీ తిరగ్గొట్టి, ఎంతటి పీల గొంతుకైనా కాస్త నిండుదనం ఇస్తాయి. అందుకే మనిషన్నవాడు అక్కడే పాడతాడు. ఇంట్లో రోజూ జరిగే ఏకైక ప్రత్యక్ష కచేరీ అది. దాన్ని కూడా ఆపించి, రికార్డు పెట్టమంటున్నారు.

పూజగది సంగతి మరీ విడ్డూరం. పాటల యాప్‌లో నెలనెలా డబ్బు కట్టే ఖాతా కాకపోతే, సహస్రనామానికీ మంగళహారతికీ మధ్య వ్యక్తిగత రుణాల ప్రకటన వస్తుంది. హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఇల్లాలు, తక్కువ వడ్డీ మాట విని, కళ్ళు తెరవాలో వద్దో తేల్చుకోలేకపోతుంది.

మాట చెబితే వినే పెట్టెలున్నాయిగా అంటారు. ఉన్నాయి. అలెక్సా మన దేశంలోకి 2017లో ఇంగ్లీషుతో దిగింది, 2019లో హిందీ నేర్చింది. పాలకొండ నుంచి వచ్చిన మామ్మ దాని ఎదురుగా కూర్చుని “ఓలమ్మీ, బేగి ఒక పాట ఎయ్యి” అంటే అది దీపమైనా వెలిగించదు. “ఏటిది, పల్లకుంటాది?” అని మామ్మ కసురుకున్నా లాభం లేదు. కాలేజీ నుంచి మనవడు వచ్చి, దాన్ని పేరు పెట్టి పిలిచి, ఇంగ్లీషులో బతిమాలాలి.

ఇక ఆ మనవడి చెవుల్లో ఏమున్నాయో చూశారా? రెండు ఇయర్‌ఫోన్లు. మనవరాలి చెవుల్లోనూ అవే. ఇంటాయన టీవీ ముందు, ఇల్లాలు సెల్లులో సీరియల్ ముందు. అయిదు గదుల్లో అయిదు స్పీకర్లు పెట్టిన ఇంట్లో, మనుషులు మాత్రం ఎవరి చెవిలో వాళ్ళు కాపురం ఉంటున్నారు. ఈ సిద్ధాంతం గదులనే చూసింది, వినేవాళ్ళను లెక్కపెట్టలేదు.

అన్నిటికంటే నాకు నచ్చిన గొప్ప ఇంకొకటుంది. హాల్లోనూ వంటింట్లోనూ పాట రవ్వంత తేడా లేకుండా ఒకేసారి మోగుతుందట. యంత్రాలు కలుస్తాయి, కాదనను. శబ్దం మాత్రం గాల్లో సెకనుకు 343 మీటర్ల చొప్పునే నడుస్తుంది. ఏడు మీటర్ల అవతల ఉన్న హాలు స్పీకరు మోత వంటింటికి రావడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. అంత కష్టపడి యంత్రాలు కలిపిన తాళాన్ని గాలి మళ్ళీ విడదీస్తుంది. అసలు తలుపులన్నీ తెరిచి ఉంటే ఒక్క స్పీకరే ఇల్లంతా వినబడుతుంది. మూసి ఉంటే, రెండూ కలిసి మోగాయో లేదో తేల్చడానికి మధ్య గోడలో ఎవరుండాలి?

ఇల్లంతా ఒకే పాట మోగడమే గొప్పయితే, ఆ ఏర్పాటు మనకు ఎప్పటి నుంచో ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా మైకులు మోగకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ధనుర్మాసంలో రామకోవెల మీది హారనుకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. తెల్లవారకుండానే హాల్లో, వంటింట్లో, పడగ్గదిలో, దుప్పటి లోపల కూడా ఒకటే పాట. యాప్ లేదు, పాస్‌వర్డ్ లేదు, ఖర్చు లేదు. ఆపే మీట మాత్రం మన చేతిలో ఉండదు.

ఇక వాట్ల కథ పాతదే. కాసెట్ల రోజుల్లో అరచేతిలో పట్టే డబ్బా మీద వెయ్యి వాట్ల పీఎంపీవో అని బంగారు అక్షరాలతో ఉండేది. ఆ లెక్కన ఇంట్లో పాట పెడితే వీధిలో ట్రాన్స్‌ఫార్మరు పేలాలి. ఇప్పుడు ఆ మాట కాస్త సిగ్గుపడి తప్పుకుంది గానీ, అంకెల మోజు తప్పుకోలేదు. నిజానికి వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. ఇంట్లో మామూలుగా వినే మోతకు ఒకటి రెండు వాట్లు సరిపోతాయి. మిగిలినవన్నీ కరెంటు బిల్లు మీదకన్నా అట్టపెట్టె మీదే ఎక్కువ ఖర్చవుతాయి.

సిద్ధాంతిగారు ఎన్నడూ నోరెత్తనిది గది కొలతల గురించే. మన పడగ్గది పది బై పది, పైన పదడుగుల ఎత్తున శ్లాబు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే. శబ్దానికి ఇంతకంటే చెడ్డ పెట్టె కట్టాలంటే ప్రయత్నించి కట్టాలి. పదడుగుల దూరంలో ఎదురెదురు గోడలుంటే 56 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తానే ఊగుతుంది. ఇక్కడ రెండు జతల గోడలూ, నేలా శ్లాబూ కూడా అదే స్వరానికి ఊగుతాయి. మృదంగంలో ఎడమవైపు దెబ్బ పడగానే గదంతా గుమ్మని నిండి, గాయకుడి మాటను మింగేస్తుంది. కింద నున్నటి టైల్స్, చుట్టూ సున్నం గోడలు, కిటికీకి పల్చటి తెర. ఆ గదిలో ఎంత ఖరీదు పెట్టెను పెట్టినా చప్పుడు అలాగే ఏడుస్తుంది. దీనికి వైద్యం కాణీ ఖర్చు లేనిది. స్పీకరును మూలలోంచి తీసి, గోడకు రెండడుగులు ఇవతల, చెవి ఎత్తులో పెట్టండి. నేల మీద ఒక బొంతో జంపఖానానో పరవండి. బట్టల బీరువా పక్కన పుస్తకాల అర ఉంటే ఇంకా మంచిది. ఈ మాట ఏ దుకాణంలోనూ చెప్పరు. బొంతకు కమీషన్ రాదు కదా.

ఇంత కొన్నా అది మనదవుతుందా అంటే అదీ లేదు. గదిగదికీ స్పీకరనే మాటను ప్రపంచానికి నేర్పిన అమెరికా కంపెనీ సోనోస్, 2005లో మొదటి సరుకు అమ్మింది. 2020 జనవరిలో, తన పాత పెట్టెలు కొన్నింటికి ఆ మే నెల నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వనంది. కొన్నవాళ్ళు గగ్గోలు పెడితే క్షమాపణ చెప్పుకుంది. 2024 మేలో యాప్ మార్చి, అంతకుముందున్న అలారాలు, నిద్ర టైమర్ల వంటివి లేకుండా చేసింది. 2025 జనవరిలో దాని అధిపతి కుర్చీ దిగాల్సి వచ్చింది. పెట్టె మన అలమరలోనే ఉంది, తీగ తెగలేదు, కోను చిరగలేదు. గొంతు మాత్రం సముద్రాల అవతల ఎవరి చేతిలోనో ఉంది. తాతగారి రేడియో చెడితే చూడటానికి వీధి చివర మెకానిక్ ఉండేవాడు. దీనికి అప్‌డేటే దిక్కు.

మనం ఉంటున్నది ఏ తీరమో కూడా గుర్తుపెట్టుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి, చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, సెల్ టవర్లు పలకలేదు. అలాంటి రోజున ఇంటికి కావలసింది కబురు. బ్యాటరీ సెల్లు వేసిన చిన్న రేడియో ఆ పని చేస్తుంది. వైఫై లేనిదే నోరు మెదపని అయిదుగురు గంధర్వులు అలమరల్లో కూర్చుని మన మొహం చూస్తారు.

కొనదలచుకుంటే ఒక్కటి కొనండి, ఇంట్లో నలుగురూ కూర్చునే చోట పెట్టండి. దానికి బ్లూటూత్ ఉందా, తీగ గుచ్చుకోవడానికి ఆక్స్ కన్నం ఉందా, కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఉందా అని అడగండి. నెట్ ఆపేసి పాట పెట్టి చూపించమనండి. అమ్మే కుర్రాడు నీళ్ళు నమిలితే, “మళ్ళీ వస్తాం బావూ” అని చెప్పి దుకాణం మెట్లు దిగిపోండి.