మూలగ్రంథం బాబాయి

దయ్యం సినిమా పెడుతున్నామని తెలిస్తే చాలు, దయ్యం కంటే ముందే వచ్చి సోఫాలో కూర్చుంటాడు. పిల్లలు పెట్టిన పేరే ఆయనకు ఖాయమైపోయింది.

ఆయన ఇలవేల్పు స్టీఫెన్ కింగ్. ఆజన్మ శత్రువు స్టాన్లీ కుబ్రిక్. కింగ్ రాసిన 1977 నాటి ‘ది షైనింగ్’ నవలను 1980లో సినిమాగా తీయడమే ఆ మహానుభావుడు చేసిన నేరం.

సినిమా మొదట్లోనే కొండదారిన పసుపుపచ్చ ఫోక్స్‌వాగన్ వస్తుంది. ‘‘పుస్తకంలో ఎరుపు!’’ అని బాబాయి కేక. పిల్లలు హడలిపోతారు. తర్వాతెప్పుడో మంచురోడ్డు మీద లారీ కింద నలిగిన ఎర్ర ఫోక్స్‌వాగన్ కనిపిస్తుంది. ‘‘చూశావట్రా, కింగ్ కారును కావాలనే తొక్కించాడు!’’ అంటూ సొంత కారు పోయినంత బాధపడతాడు.

కథ జరిగే హోటల్లో 237వ గది దగ్గర రిమోట్ లాక్కుని సినిమా ఆపేస్తాడు. పుస్తకంలో 217. సినిమాకు బయటి దృశ్యాలు తీసిన ఒరెగాన్‌లోని టింబర్‌లైన్ లాడ్జి వాళ్లు, ఇక ఆ గదిలో ఎవరూ దిగరేమోనని భయపడి, తమ దగ్గర లేని నంబరు పెట్టించారు. తీరా ఇప్పుడు అక్కడ జనం ఏరికోరి అడిగేది 217నే! బాబాయి ఈ విజయగాథ ముగించేదాకా ఆ గది స్నానపు తొట్టిలోని ఆడదయ్యం లేవబోతూ అలాగే ఆగి ఉంటుంది, పాపం.

జాక్ నికల్సన్ గొడ్డలితో తలుపు నరుకుతుంటే, ‘‘గొడ్డలి కాదు, రోక్ ఆడే కొయ్యసుత్తి!’’ అంటాడు.

‘‘ఏదైతేనేమండీ, తలుపు పోయిందిగా’’ అంటుంది పిన్ని.

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. నవలలో కథానాయకుడు జాక్, తాగుడు మాని బాగుపడాలని తంటాలుపడే తండ్రి. ఆఖరి ఘడియలోనూ కొడుకును పారిపొమ్మంటాడు. సినిమాలో నికల్సన్ హోటల్లో ఉద్యోగం అడగడానికి వచ్చినప్పుడే తేడాగా కనిపిస్తాడు. కింగ్ ఫిర్యాదూ అదే. అయినా ఆ ఖాళీ నడవాల్లో పిల్లాడి మూడు చక్రాల సైకిల్ చప్పుడుకు నాకు పుట్టిన భయం, పుస్తకంలో ఎక్కడా పుట్టలేదు. ఈ మాట బాబాయి ముందు అనను.

1997లో కింగే స్క్రిప్టు రాసి, కథ తనకు తట్టిన కొలరాడోలోని స్టాన్లీ హోటల్లోనే మూడు భాగాలుగా టీవీకి తీయించాడు. 217 ఉంది. కొయ్యసుత్తి ఉంది. నవలలోలాగే హోటల్ బాయిలరూ పేలింది. బాబాయి కోసం ఏరి తెచ్చి పెట్టాం. మొదటి భాగం సగంలోనే గురక.

‘‘అదేంటి బాబాయ్, అచ్చం నీ పుస్తకమే కదా!’’

‘‘అన్నీ వాడే సరిగ్గా తీసేస్తే, నేను చెప్పడానికేం మిగిలిందిరా?’’