గ్రీజు శాస్త్రిగారు

టెక్సస్‌లో షాట్‌గన్ క్లబ్బంటూ ఉంటే అందులో గ్రీజు శాస్త్రిగారు ఒకరు ఉండి తీరాలి. ఆ బిరుదు నేనిచ్చిందే. రిటైరైన మనిషి, గడ్డం నెరిసింది, టోపీ మాసింది. పికప్ ట్రక్కు వెనక తలుపు దించితే లోపల ఓ చిన్న మెకానిక్ షెడ్డు. ఆదివారం పొద్దున మనం తుపాకీ సంచీ జిప్పు లాగుతుండగానే పక్కకొచ్చి నిలబడతారు. కుశల ప్రశ్నల్లేవు.

"చోక్ మరలకి ఏం రాస్తున్నావు?"

పెళ్ళిలో ఓ మూల కుర్చీలో కూర్చున్న పెద్దాయన "మీ ఇంటిపేరేమిటి నాయనా" అని ఎందుకడుగుతాడో, ఈయనా అందుకే అడుగుతారు. మన జవాబుతో మన కులగోత్రాలు తేలిపోతాయి.

తెలియనివారికి రెండు ముక్కలు. షాట్‌గన్‌లో మామూలుగా ఒక్క తూటా ఉండదు, గుప్పెడు చిన్న గుళ్ళుంటాయి. గొట్టం దాటగానే అవి విచ్చుకుంటాయి. ఎంత త్వరగా విచ్చుకోవాలో నిర్ణయించడానికి గొట్టం మూతి దగ్గర లోపలికి మరతో బిగించే ఉక్కు గొట్టమ్ముక్క చోక్. 12 గేజి తుపాకీలో ఫుల్ చోక్ మూతిని ఇంచుమించు ఒక మిల్లీమీటరు ఇరుకు చేస్తుంది, మాడిఫైడ్ అందులో సగం. దగ్గరి గురికి ఒకటి, దూరపు గురికి ఒకటి మార్చుకుంటూ ఉండొచ్చు, మర తిరిగినంతకాలం. తిరగకపోవడానికి కారణాలు బోలెడు: మందు మసి, గుళ్ళను మోసుకెళ్ళే ప్లాస్టిక్ కప్పు వదిలిన పొర, చెమ్మ, తుప్పు. అందుకే మరలకి కాస్త జిడ్డు కావాలి. సంగతి ఇంతే. ఈ ఇంతలోనే శాస్త్రిగారు ఓ దర్శనం నిర్మించుకున్నారు.

ఆయన లెక్కలో మనుషులు కొన్ని శాఖలు. బండి చక్రాల బేరింగు గ్రీజు రాసేవాళ్ళు పాతకాపులు, మర్యాదస్తులు. తెల్ల లిథియం గ్రీజువాళ్ళు పిల్లలు, మారతారు. చోక్ గ్రీజని ముద్ర వేసి అమ్మే బుల్లి ట్యూబు కొనేవాళ్ళు డబ్బున్న అమాయకులు. ప్రతిదానికీ డబ్ల్యూడీ-40 కొట్టేవాళ్ళతో ఆయనకి మాటల్లేవు. "అది 1953లో నీళ్ళు తోలడానికి పుట్టింది, పేరులోనే ఉంది. ఆరిపోయాక నీ మరలో ఏం మిగిలింది?" అంటారు, గోడకేసి.

అసలు యుద్ధం యాంటీ సీజ్‌వాళ్ళ మధ్య. యాంటీ సీజ్ అంటే లోహపు పొడి కలిపిన చిక్కటి ముద్ద. వెండిరంగుది 1,600 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా తట్టుకుంటుందని డబ్బా మీద రాసుంటుంది. రాగిది 1,800. నికెల్‌ది 2,400. శాస్త్రిగారు నికెల్ శాఖ. ఆ 2,400 అంకెను ఆయన కళ్ళు మూసుకుని పలుకుతారు. డబ్బా మాట నమ్మితే ఆ వేడిలో గ్రీజు భద్రంగానే ఉంటుంది. తుపాకీయే కాలి మెత్తబడుతుంది, పట్టుకున్నాయన సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఎంత ఎండలో ఎన్ని రౌండ్లు కాల్చినా మన గొట్టం చెయ్యి చురుక్కుమనే వేడి దగ్గరే ఆగుతుంది. ఈ మాట ఒకసారి అన్నాను. "జాగ్రత్త మంచిదేగా" అన్నారు.

యాంటీ సీజ్‌కి ఒక గుణం డబ్బా మీద రాయరు: అది పాకుతుంది. గోరంత తీస్తే ముందు వేళ్ళకి, తర్వాత స్టీరింగుకి, కాఫీ కప్పుకి, చెవి తమ్మెకి. శాస్త్రిగారి టోపీ అంచున వెండి మెరుపుంటుంది. నికెల్‌కి మారకముందుదట. ఉతికితే పోలేదు.

ఇక కాల్చడమా? "పుల్" అని అరిస్తే 108 మిల్లీమీటర్ల నారింజరంగు క్లే బిళ్ళ గాల్లోకి లేస్తుంది, దాన్ని కొట్టాలి. రౌండుకి 25. ఆయన స్కోరు పధ్నాలుగుకీ పదిహేనుకీ మధ్య తిరుగుతుంటుంది. తప్పిన ప్రతిదానికీ గాలిదో, ఎండదో తప్పుంటుంది. గ్రీజుది ఎప్పుడూ కాదు. అవతల ఇరవై నాలుగు కొట్టే నడివయసావిడ చోక్ మార్చగా నేను చూడలేదు. ఏం రాస్తారని అడిగితే "మా ఆయన గరాజ్‌లో ఏదుంటే అది" అంది. శాస్త్రిగారు వినలేదు, నయం.

అయితే ఆయన్ని చూసి నవ్వేవాళ్ళందరూ జనవరి చివర్లో ఆయన ట్రక్కు చుట్టూ చేరతారు. బాతుల వేట సీజను అప్పుడే ముగుస్తుంది. నీటిపక్షుల మీద సీసం గుళ్ళు 1991 నుంచి అమెరికా అంతటా నిషేధం కాబట్టి ఉక్కు గుళ్ళు వాడతారు. అవి గట్టివి. ఇరుకు చోక్‌లోంచి తోస్తే చోకే కాస్త ఉబ్బి గొట్టానికి అతుక్కుపోవచ్చు. మొన్న ఓ గుంటూరు కుర్రాడు సీజనంతా చిత్తడిలో తిప్పిన తుపాకీ తెచ్చాడు. చోక్ కదలదు. చేతిలో ప్లయర్స్. శాస్త్రిగారు ముందు ప్లయర్స్ లాక్కున్నారు. తుపాకీ ఖాళీగా ఉందా అని తలుపు తెరిచి చూసి, వేలు పెట్టి తడిమి, గొట్టం విప్పారు. దాన్ని, మరల్లోకి చొచ్చుకుపోయే నూనె పోసిన గ్లాసులో తలకిందులుగా నిలబెట్టి, "రేపు రా అబ్బాయ్" అన్నారు.

మర్నాడు రెంచి పెట్టి ముందు వెంట్రుకవాసి బిగించారు, తర్వాత వదులు చేశారు. కటుక్కుమంది. చుట్టు చుట్టుకీ గరగరమంటూ బయటికొచ్చింది, నల్లటి జిగురూ ఎర్ర తుప్పూ కలిసిన బురదతో. వాసన చూశారు. ఇత్తడి బ్రష్షుతో గొట్టంలోని మరలు, పాత పళ్ళ బ్రష్షుతో చోక్ మీది మరలు, గాడి గాడినీ తోమి గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచారు. అప్పుడు అడిగారు, "ఏం రాశావు?"

"ఏమీ రాయలేదు సర్."

శాస్త్రిగారు ట్రక్కు అంచున కూర్చుండిపోయారు. ఆయన శాఖల్లో నాస్తికుడికి చోటు లేదు. కాసేపటికి తేరుకుని తన నికెల్ ట్యూబు కుర్రాడి జేబులో పెట్టారు. ఉపన్యాసం కూడా ఉచితమే, భోజనాల వేళ దాకా సాగింది.

ఆయన సొంత చోక్‌లు రెండు వేళ్ళతో తిప్పితే చాలు, వచ్చేస్తాయి. ఆ ఘనత నికెల్‌దని ఆయన నమ్మకం. నా లెక్క వేరు. గ్రీజు మీద మోజుతో ఆయన వాటిని వారం వారం విప్పుతారు, తోముతారు, తుడుస్తారు. అలా విప్పే చోక్‌కి నెయ్యి రాసినా బిగుసుకోదు.

మీకూ తుపాకీ ఉంటే, ముందు ఖాళీ చేసి రెండుసార్లు చూసుకోండి. చోక్ తీసి మరలు తోమండి. బియ్యపుగింజంత గ్రీజు పల్చగా పులమండి, దట్టిస్తే మట్టి పడుతుంది. చోక్ లేకుండా మాత్రం కాల్చకండి, గొట్టం మరలు పాడవుతాయి. నడుమ నడుమ, తుపాకీ ఖాళీ చేసుకుని, వదులైందేమో చూడండి. ఏ గ్రీజైనా ఫరవాలేదు గానీ, శాస్త్రిగారు అడిగితే "నికెల్" అనండి. "రాగి" అన్నారంటే ఆ పూట మీ భోజనం క్లబ్బులోనే.