డీలరు టిప్పులో నా వాటా

గోవా లెక్కలు ఇంకా తెగలేదు. విమానం టికెట్లు తేలాయి, రూములు తేలాయి, పణజీ జెట్టీ దగ్గర ఎవరో తాగిన కొబ్బరిబోండాం కూడా తేలింది. తేలనిది ఒక్క పద్దే. ఖర్చులు పంచే యాప్‌లో 'డీలర్ టిప్స్' అని రాసి, 4,200 వేసి, ఆరుగురికీ సమానంగా కొట్టేశాడు మా శీను. తలా ఏడు వందలు. రోజూ పొద్దున నేను నార్సింగి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కునే వేళ చూసి మరీ, కట్టవలసిన బాకీ ఉందని ఆ యాప్ గుర్తు చేస్తుంటుంది.

నేను పోకర్ టేబుల్ దగ్గర కూర్చోనే లేదు. నా రాత్రంతా బఫేలో గడిచింది. కావాలంటే ఫోటోలున్నాయి, ప్రతి ఫోటోలోనూ నా చేతిలో ప్లేటుంది. ఈ మాటే గ్రూపులో పెట్టాను. "మామా, అది మనందరి మర్యాద కదా" అన్నాడు శీను. సరే, మరి నువ్వు గెలిచిన ముప్ఫై ఎనిమిది వేలు కూడా యాప్‌లో ఎక్కించు, తలా ఇంత పంచుకుందాం అన్నాను. "అది స్కిల్ మామా" అన్నాడు. మర్యాదైతే అందరిదీ, స్కిల్లయితే వాడొక్కడిదీ.

ఈ స్కిల్లు గొడవ మన ఊళ్ళో ఈనాటిది కాదు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు కేసులోనే. దేశంలో ఎక్కడ పేకాట కేసు నడిచినా ఆ తీర్పు తీసి చూపిస్తారు. తీరా అదే సికింద్రాబాద్ ఉన్న తెలంగాణలో, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, నైపుణ్యమున్నా సరే డబ్బు పెట్టి ఆడొద్దన్నారు. అందుకే, 2023 వేలంలో ఎకరం నూరు కోట్లు దాటిన కోకాపేటలో కాపురముంటూ, రెండు ముక్కలు చేతిలో పట్టుకోవడానికి మావాళ్ళు గోవాలో మాండవి నది మీది క్యాసినోలదాకా పోవాలి. అక్కడ చూస్తే 2020 నుంచి గోవావాళ్ళకి క్యాసినోల్లోకి ప్రవేశం లేదు. వాళ్ళని వాళ్ళ సర్కారు కాపాడుకుంది, మనల్ని మన సర్కారు కాపాడింది. మధ్యలో విమానాలవాళ్ళు బాగుపడ్డారు.

టిప్పు ఇచ్చే తంతు మాత్రం నేను చూశాను. ప్లేటు పట్టుకుని శీను వెనక కాసేపు నిలబడ్డాను. ఆ నిలబడడమే ఇప్పుడు నా మీద సాక్ష్యం. పాట్, అంటే టేబుల్ మీది పందెం మొత్తం, గెలవగానే డీలరమ్మాయి రెండు చేతులా చిప్స్ కుప్ప వాడివైపు తోసింది. వాడు అందులోంచి ఒక చిప్పు తీసి, జమీందారు తాంబూలంలో రూపాయి పెట్టినంత ఠీవిగా అటు విసిరాడు. ఆ అమ్మాయి దాన్ని ముందున్న ట్రేకేసి టక్ టక్‌మని కొట్టి పక్కనున్న పెట్టెలో వేసింది. ఆ చప్పుడు తనకి చెప్పిన థాంక్యూ అని శీను నమ్మకం. అది పైనున్న కెమెరాకి చెప్పుకోవడం: ఇది నేను కాజేసింది కాదు బాబూ, వాళ్ళిచ్చిందే అని. డ్యూటీ మారి లేచేటప్పుడు అరచేతులు చరిచి, అటూ ఇటూ తిప్పి చూపించి మరీ వెళ్ళింది.

ఎంతివ్వాలి అన్నదాని మీద గ్రూపులో మూడు మతాలున్నాయి. డల్లాస్‌లో కొన్నాళ్ళుండి వచ్చిన కిరణ్ది మొదటిది: గెలిచిన ప్రతి పాట్‌కీ ఒక డాలరు, పెద్ద పాట్ అయితే ఇంకాస్త. అమెరికాలో టిప్పులొచ్చే ఉద్యోగికి యజమాని చేతినుంచి పడాల్సిన కనీసం, ఫెడరల్ చట్టం ప్రకారం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి అది కదల్లేదు. మిగతాది ఇలాంటి కిరణ్‌ల దయ. రెండోది మెల్‌బోర్న్‌లో ఉంటున్నవాడిది. అక్కడి క్యాసినోలో డీలరు టిప్పు పుచ్చుకోకూడదని చట్టమే ఉందట, "మీరు అమ్మాయిని జైలుకి పంపేలా ఉన్నార్రా" అంటాడు. మూడోది మా కరీంనగర్ రాజుది: "జీతమిస్తున్నరు గద, మల్ల మనమెందుకియ్యాలె?"

ఇక్కడ మా టవర్ దీపావళి గురించి చెప్పితీరాలి. పోయినేడు క్లబ్‌హౌస్‌లో పేకాట పెట్టారు. డబ్బు పెడితే చట్టం ఊరుకోదు కాబట్టి డ్రైఫ్రూట్స్‌తో ఆడదామన్నారు. పల్లీ పది, బాదం యాభై, జీడిపప్పు వంద, పిస్తా ఐదొందలు. ముక్కలు పంచడానికి పంతొమ్మిదో ఫ్లోర్లో ఉండే, ఎనిమిదో తరగతి చదివే పిల్లాణ్ణి కూర్చోబెట్టారు. అంతా సవ్యంగా సాగుతుండగా కిరణ్ లేచి, డీలరుకి టిప్పివ్వకపోతే అనాగరికం అన్నాడు. ఇచ్చాడు కూడా, ఒక జీడిపప్పు. పిల్లాడు దాన్ని టక్‌మనిపించాడు, పళ్ళ మధ్య.

అక్కణ్ణించి ఆర్థిక వ్యవస్థ దెబ్బతింది. టిప్పుగా వెళ్ళిన పప్పు మళ్ళీ చలామణీలోకి రాదు కదా. అరగంటలో జీడిపప్పుకి కరువొచ్చింది. అసోసియేషన్ కోశాధికారి గారు ఇంటికెళ్ళి అరకిలో తెచ్చి పోస్తే, జీడిపప్పు విలువ వంద నుంచి నలభైకి పడిపోయింది. ఈలోగా దొంగ నోట్లు బయల్దేరాయి. ఎవరో పిస్తా తినేసి, డొల్లలు రెండూ మళ్ళీ అతికించి పందెంలో పెడుతున్నారు. ప్రతి పిస్తానీ చెవి దగ్గర ఊపి చూసుకోవలసిన గతి పట్టింది. ఇంతలో పిల్లాడి తల్లి వచ్చి, "రేపు వీడికి యూనిట్ టెస్టుందండీ, ఇంకెవరైనా జీడిపప్పు పెట్టారంటే ఊరుకోను" అంది. అందరూ పల్లీలకి దిగారు. వాడు ముక్కలు వేసే వేగం సగానికి సగం తగ్గింది. ఎందుకురా అంటే, "అంకుల్, పిస్తా ఇచ్చినవాళ్ళకే మంచి కార్డులు పడుతున్నాయి, మీరు గమనించలేదా?" అన్నాడు. వాడు పెద్దయ్యాక తప్పకుండా ఈ ఐటీ కారిడార్‌లోనే ఉద్యోగం చేస్తాడు.

వాడి సిద్ధాంతాన్ని కోర్టు కూడా విన్నది. లాస్ వెగాస్‌లో పాచికల టేబుల్ నడిపే ఓ డీలరు, టిప్పులు అభిమానంతో ఇచ్చే కానుకలు, వాటికి ఆదాయప్పన్ను ఏమిటని దావా వేశాడు. కింది కోర్టు అతని వైపే చెప్పింది. 1976లో అప్పీలు కోర్టు కొట్టేసింది. జూదరి అదృష్టదేవతకి ముడుపు కడుతున్నాడు, అదీ రెట్టింపై తిరిగొస్తుందన్న ఆశతో, అలాంటిదాన్ని కానుక అనలేం అని దాని సారాంశం. ఆ న్యాయమూర్తులు మన హుండీలు చూసినట్టు దాఖలా లేదు గానీ, విషయం మాత్రం పట్టుకున్నారు.

గెలిచినవాడు ముడుపు కడతాడు, బాగానే ఉంది. ఓడినవాడు? శీను ఆ రాత్రి గెలవకముందు చాలాసేపు ఓడాడు. అప్పుడు చిప్పు విసరలేదు సరికదా, "ఈ డీలరు నాకు అచ్చిరాలేదు, ఎప్పుడు మారుస్తారు?" అని సూపర్‌వైజర్ని అడిగాడు. పంచింది అవే చేతులు, కలిపింది అదే పేక. ఆ అమ్మాయి పనిలో వీసమెత్తు తేడా లేదు. పెట్టెలో పడేది మాత్రం ఇంకెవరి ముక్కలు ఎలా పడ్డాయన్నదాన్ని బట్టి.

ఇక్కడికొచ్చేసరికి నాకు నవ్వు రావడం మానేసింది. నా జీతంలో వేరియబుల్ పే అని ఒక ముక్క ఉంటుంది. ఈ ఫ్లాటు ఈఎంఐ కట్టేటప్పుడు దాన్ని కూడా లెక్కలో వేసుకునే సంతకం పెట్టాను. ఒక ఏడు అది నిండుగా వచ్చింది, మరుసటి ఏడు సగం కూడా రాలేదు. రెండేళ్ళూ అవే రాత్రి కాల్స్, అదే పని, అదే రేటింగు. ఎక్కడో ఎవరో క్లయింటు ఏదో పందెంలో ఓడాడు. ఏ పందెమో, ఎవరితోనో నాకిప్పటికీ తెలియదు. ఆ అమ్మాయికి కనీసం పాట్ కళ్ళెదుట కనిపిస్తుంది. నాకు హెచ్చార్ నుంచి చప్పట్ల బొమ్మలతో ఒక మెయిలొచ్చింది. నేనూ చప్పట్ల బొమ్మే పెట్టి జవాబిచ్చాను.

అందుకని గ్రూపులో ఒక ప్రతిపాదన పెట్టాను. పాట్‌తో ముడిపెట్టకండి. డీలరు డ్యూటీ మారి లేచినప్పుడల్లా టేబుల్ మీదున్న ప్రతివాడూ, గెలిచినా ఓడినా, ఒక్కో చిన్న చిప్పు పెట్టండి. పంచినంతసేపూ పంచింది కాబట్టి. అలాగైతే డీలరుకి ఉత్సాహం ఉండదన్నాడు కిరణ్. ఓడినప్పుడు కూడా ఇవ్వాలంటే తన స్కిల్‌కి అవమానం అన్నాడు శీను. రాజు ఒక్కడే కాసేపాగి, "గట్లయితే గది టిప్పెట్లయితదిరా, జీతమయితది గని" అని పెట్టాడు. నేను చెప్పింది అర్థమైంది వాడొక్కడికే, వాడేమో దాన్ని వెక్కిరింపు అనుకున్నాడు.