రాత్ ఖాతా అధికద్రవ్య పరిహార పద్యం: టీకా తాత్పర్య సహితం

హద్దు దాటి చేర్చినట్టి డాలర్లను
గడువులోన ఫలముఁ గలిపి తీయు;
తీయకున్నయెడలఁ దిరిగెడి యేడాది
నూటి కారు చొప్పునొసగుఁ బన్ను.

తాత్పర్యం: అమెరికాలో రాత్ ఐఆర్ఏ అనే పదవీవిరమణ పొదుపు ఖాతాలో పరిమితికి మించి సొమ్ము వేసినవాడు, గడువులోగా దానిని లాభంతో సహా వెనక్కి తీయాలి; తీయనివాడు ఆ సొమ్ము ఖాతాలో ఉన్నంతకాలం ఏటా 6 శాతం ఎక్సైజ్ పన్ను కట్టాలి.

టీక: పద్యంలో కర్త కనబడడు గనుక ‘ఖాతాదారుడు’ అని అధ్యాహారం చేసుకోవాలి. ఖాతా నడిపే బ్రోకరేజీ సంస్థ కర్త కాజాలదు, ఎందుకంటే అతని మొత్తం ఆదాయమెంతో దానికి తెలియదు.

‘హద్దు’ ద్వివిధం. మొదటిది సొమ్ముకు పెట్టిన హద్దు: 2025కు యాభై ఏళ్ల లోపువారికి 7,000 డాలర్లు, పైవారికి 8,000. రెండవది ఆదాయానికి పెట్టినది, దుర్మార్గమైనదీ అదే: ఒంటరివానికి 2025లో సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం లక్షా 50 వేల డాలర్లు దాటితే చేర్చదగిన మొత్తం తగ్గుతూ వచ్చి, లక్షా 65 వేల దగ్గర సున్నా అవుతుంది; కలిసి రిటర్ను వేసే దంపతులకు ఆ అంకెలు 2,36,000, 2,46,000. సెనేటర్ విలియం రాత్ పేరు మోసే ఈ ఖాతాను 1997 నాటి చట్టం సృష్టించినప్పుడే, సొమ్ము జనవరిలో వేయవచ్చునని, అర్హత మాత్రం డిసెంబరు గడిచాకగాని తేలదని ఏర్పడిపోయింది. కనుక టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసే తెలుగు దంపతులు సంవత్సరాదిన బుద్ధిగా పొదుపు చేసి, సంవత్సరాంతాన బోనసు రాగానే దోషులౌతారు. ఇంతటి వినయశీలమైన అపరాధం ధర్మశాస్త్రాల్లోనూ అరుదు.

‘గడువు’ అనగా రిటర్ను దాఖలు చేయవలసిన తేదీ. ఏప్రిల్ 15లోగా రిటర్ను వేసినవానికి మరో ఆరు నెలలు కలిసి అది అక్టోబరు 15 అవుతుంది.

‘ఫలము’ దగ్గర పూర్వపక్షి లేచి, వేసిన 7,000 మాత్రమే తీస్తే చాలదా అని అడుగుతాడు. చాలదు. ఖాతాలో ఆ సొమ్మొక్కటే ఉండి 7,700కు పెరిగితే మొత్తం 7,700 తీయాలి, అందులోని 700 సొమ్ము వేసిన సంవత్సరపు ఆదాయంలో చేరుతుంది. మరి 6,300కు తగ్గిపోతే? అప్పుడు 6,300 తీస్తే దోషం పూర్తిగా పోతుంది. నష్టాన్ని కూడా ఫలంగా అంగీకరించే ఔదార్యం పన్ను చట్టంలో ఇక్కడ కనబడడం విశేషం. వయసు చాలనివారు లాభం తీసుకుంటే పడే 10 శాతం అదనపు పన్ను ఈ పరిహారానికి వర్తించదని 2022 డిసెంబరు నాటి సెక్యూర్ 2.0 చట్టం తేల్చింది.

తీయడానికి మనసొప్పనివారు గడువులోగా ఆ సొమ్మును, దాని ఫలాన్ని సంప్రదాయ ఐఆర్ఏకు మార్పించుకోవచ్చు. దానికి ఆదాయపు హద్దు లేదు, పన్ను మినహాయింపు దొరకకపోవచ్చునంతే.

‘తిరిగెడి యేడాది’ అన్నది కవి పాదపూరణకు వాడినది కాదు. 7,000కు 420 డాలర్లు ఒక్కసారి కట్టి ఊరుకుంటే చెల్లదు. అధికం ఖాతాలో ఉన్న ప్రతి సంవత్సరానికీ 5329 నంబరు ఫారం నింపి మళ్లీ కట్టాలి.

అయితే ఒక సంవత్సరపు సొమ్మును మరుసటి ఏడాది ఏప్రిల్ 15 వరకూ వేయవచ్చు. ఆదాయం తేలేదాకా ఆగి వేసేవానికి ఈ పద్యంతో పని లేదు.