ఇంటిపన్ను పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

కట్టినట్టి యిల్లు కాగితం మీదను
పెరిగి పెద్దదాయె బిల్లు వచ్చె
కొలిచి చూడుమయ్య కొలబద్ద నీచేత
ఇంత యింటి కంత యేలనయ్య

అవతారిక. ఈ ఆటవెలది కర్త హోసూరు ప్రాంతవాసి, గృహస్థు. బ్యాంకు అప్పు ఇంకా తీరలేదు గనుక అర్ధగృహస్థు అన్నా తప్పులేదు. ఏ ఆఫీసును ఉద్దేశించి చెప్పాడో పద్యంలో లేదు. మూలంలో లేనిది రాయనని కోలాచలం మల్లినాథసూరి పెట్టుకున్న నియమాన్ని ఈ టీకాకారుడూ పాటిస్తాడు గనుక ఆఫీసు పేరు ఇక్కడా కనబడదు. ఆ నియమం కాళిదాస కావ్యాల దగ్గరే ఆగిపోకుండా పన్ను రిజిస్టర్ల దాకా వచ్చివుంటే ఈ పద్యమే పుట్టేది కాదు.

కాలనిర్ణయం. 'బిల్లు వచ్చె' అన్నదాన్ని బట్టి రచన 2022 ఏప్రిల్ తరువాతిదని తేలుతున్నది. హోసూరు 2019లో కార్పొరేషన్ అయింది. ఆ హోదాలో తొలి కౌన్సిల్‌కు 2022 ఫిబ్రవరిలో ఓట్లు వేసింది. వేలి మీది సిరా పూర్తిగా పోకముందే, ఏప్రిల్ మొదట్లో, తమిళనాడు ప్రభుత్వం రాష్ట్రమంతటా ఆస్తిపన్ను సవరించింది. 15వ ఆర్థిక సంఘం షరతు అది, తప్పదు అన్నారు. చెన్నైకి లెక్క వేరు. మిగతా ఊళ్లలో నివాసగృహాలకు 600 చదరపు అడుగుల లోపు 25 శాతం పెంపు, అక్కడినుంచి 1,200 వరకు 50 శాతం, 1,800 వరకు 75 శాతం, ఆపైన 100 శాతం. ఈ నాలుగు మెట్లు గుర్తుంచుకోనివారికి పద్యం అర్థం కాదు.

ప్రతిపదార్థం. కట్టినట్టి యిల్లు = ఇటుకా సిమెంటూ పోసి నిజంగా కట్టిన ఇల్లు. కాగితం మీదను = రిజిస్టరులో. 'కాగితము' అనక 'కాగితం' అన్నాడేమని పండితులు కోప్పడవచ్చు. గణం కోసం అన్నాడు, క్షమించాలి. పన్ను విషయంలో ఇటుకల ఇల్లు ఎంత ఉన్నా ప్రయోజనం లేదు. కాగితం మీది ఇంటికే బిల్లు వస్తుంది. ఆ ఇంటికి విస్తీర్ణం, ఏ జోన్, పైకప్పు స్లాబా రేకులా, కాపురమా వ్యాపారమా, కట్టి ఎన్నేళ్లయింది అన్నవే పంచప్రాణాలు. ఇందులో ఒక్కటి తప్పు పడినా బిల్లు మారిపోతుంది.

పెరిగి పెద్దదాయె. ఇక్కడ కవి హృదయం కొంచెం లోతుగా తెలుసుకోవాలి. బిల్లు తమిళంలో వచ్చింది. కవిగారు తెలుగు మీడియంలో చదువుకున్నవారు. 2006 నాటి తమిళ అధ్యయన చట్టం తరువాత బడికెళ్లిన మనవడికి తమిళం తప్పనిసరి పాఠం, కనుక ఇంట్లో మొదటి వ్యాఖ్యాత వాడే. వాడు చదివి, "తాతా, మనిల్లు ఎప్పుడు పెరిగింది?" అన్నాడు. తాతగారు కళ్లజోడు సవరించుకుని చూశారు. విస్తీర్ణం 1,910 అని ఉంది. ఉండవలసింది 1,190.

ఇది లేఖకదోషం. రెండంకెలు చోటు మార్చుకున్నాయి. తాళపత్రాల్లో ఇలాంటి తారుమారు జరిగితే పాఠాంతరమని అడుగున రాసుకుని పండితులు నూరేళ్లు వాదించుకుంటారు, ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ ఇల్లు రెండో మెట్టు నుంచి ఒక్క గెంతున నాలుగో మెట్టెక్కి కూర్చుంది. ఆరు నెలలకు పాత పన్ను 1,000 రూపాయలనుకుంటే, 50 శాతం పెంపుతో 1,500 కావలసింది 100 శాతంతో 2,000 అయింది. ఏడాదికి వెయ్యి తేడా. పైగా 2024లో మరో 6 శాతం వేశారు, అదీ ఈ తప్పు మొత్తం మీదనే పడుతుంది.

కొలిచి చూడుమయ్య కొలబద్ద నీచేత. పద్యానికి ఇదే ఆయువుపట్టు. 'కొలబద్ద' చోట 'టేపు' అన్న పాఠం కొన్ని ప్రతుల్లో ఉంది. అర్థానికి సరిపోతుంది గాని గణభంగం, యతిభంగం రెండూ కలుగుతాయి గనుక గ్రహించలేదు.

కొలవడమన్నది ఈ సీమకు కొత్త కాదు. 1792లో మైసూరు యుద్ధం ముగిసి కృష్ణగిరితో సహా బారామహల్ కంపెనీ చేతికి వచ్చాక, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో ఇక్కడి పొలాలు కొలిపించి రైతు రైతుకూ శిస్తు కట్టారు. రైత్వారీ పద్ధతికి పురుడు పోసింది ఈ నేలే. మన్రో 1799 దాకా ఇక్కడ పనిచేసి, ఆ అనుభవం మూటగట్టుకుని దత్తమండలాలకు వెళ్లాడు. రాయలసీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. శిస్తు వసూలు చేసినవాడి పేరు బిడ్డలకు పెట్టుకోవడం ఆ తరువాత ఎక్కడా విన్నట్టు లేదు. హోసూరు పక్కన తొరపల్లిలో పుట్టిన రాజాజీదీ ఇదే కోవ. 1917లో సేలం మునిసిపల్ ఛైర్మన్‌గా కూర్చున్నారు, 1939లో మద్రాసు ప్రధానిగా సాధారణ అమ్మకపు పన్ను తెచ్చారు. మద్యనిషేధంతో ఖాళీ అయిన ఖజానాను నింపాలి మరి. పన్నుల శాస్త్రంలో ఈ జిల్లాకు గట్టి గురుపరంపరే ఉంది.

ప్రస్తుతానికి వద్దాం. 'అయ్య' అని ఏకవచనం వాడినా అయ్యలు ముగ్గురు. మొదట కమిషనర్‌కు అర్జీ. అక్కడ తేలకపోతే కౌన్సిలర్లతో కూడిన పన్ను అప్పీళ్ల కమిటీ. అక్కడా తేలకపోతే కోర్టు. కవిగారి అదృష్టం, మొదటి అయ్య దగ్గరే కదలిక వచ్చింది. బిల్ కలెక్టరు టేపుతో వచ్చాడు. "పెద్దాయనా, కొస వదలొద్దు" అని గోడ మూల దగ్గర కవిగారి చేతికే టేపు కొస ఇచ్చి తాను అటువైపు నడిచాడు. వెలుపలి గోడ నుంచి వెలుపలి గోడకు ఒక పక్క 34 అడుగులు, ఇంకో పక్క 35. అతను ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసేలోగా పెద్దాయన నోటిలెక్కన 1,190 అనేశాడు. మెట్ల కింద బకెట్లు పెట్టుకునే రేకుల చాటును కూడా కలపాలా అని కాసేపు తర్జనభర్జన జరిగింది. చివరికి దాన్ని వదిలేశారు.

అలంకారం. కవిది స్వభావోక్తి, ఉన్న ఇంటిని ఉన్నట్టు చెప్పాడు. అతిశయోక్తి రిజిస్టరుది. ఈ రెండూ ఒకే ఇంటిమీద పడటం వల్ల విరోధాభాసం. రసం కరుణమా రౌద్రమా అంటే, క్యూలో నిలబడినంతసేపూ రౌద్రం, కౌంటరు దగ్గరికి చేరాక కరుణం.

దోషవిచారణ. ఇంత యింటి కంత యేలనయ్య. పద్యం బలహీనపడేది ఈ పాదంలోనే. 'ఇంత', 'అంత' అన్నవి ఎంతో చెప్పలేదు. 'ఏల' అన్న ప్రశ్నకు ఆఫీసులో జవాబు చెప్పే సీటు లేదు. మా ఆదాయం తక్కువ, పెంపు అన్యాయం, పక్కింటివాడికి ఇంత రాలేదు అన్న విలాపాలన్నీ ఈ పాదంలోకే వస్తాయి. పెంపు శాతం సర్కారు నిర్ణయం, దాన్ని బిల్ కలెక్టరు తగ్గించలేడు, కమిటీ కూడా తగ్గించలేదు. కొలత, వాడకం, జోన్, కట్టిన సంవత్సరం తప్పని చూపిస్తే మాత్రం దిద్దక తప్పదు. మూడో పాదం ఒక్కటే రాసి పంపినా కవి గెలిచేవాడు. నాలుగో పాదం ఒక్కటే పంపివుంటే ఈపాటికి ఫైలు ఏ బీరువాలోనో నిద్రపోతూ ఉండేది.

పద్యంలో లేనిది ఒకటుంది, గడువు. అర్జీ నడుస్తున్నది కదా అని కట్టడం మానేస్తే నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది. అదే అర్ధసంవత్సరం మొదలైన నెలలోనే, అంటే ఏప్రిల్ లేదా అక్టోబరు ముగిసేలోగా కడితే 5 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 5,000 రూపాయల వరకు. కట్టి, రసీదు జేబులో పెట్టుకుని వాదించడమే సంప్రదాయం. కవిగారు అదే చేశారు. ఎక్కువ కట్టినది తరువాతి బిల్లులో సర్దుబాటు చేశారు.

తాత్పర్యం. ఓ అయ్యా, నా ఇల్లు 34 అడుగులు, 35 అడుగులు, వెరసి 1,190 చదరపు అడుగులు. మీ బిల్లులో 1,910 అని పడింది. మంజూరైన ప్లాను, పాత రసీదు, కొలతల చిత్తు జతపరిచాను. సరిచూసి దిద్ద ప్రార్థన.

పాఠకులకు మనవి. హోసూరైనా కృష్ణగిరైనా, బిల్లు రాగానే మొత్తం కన్నా ముందు విస్తీర్ణం గడి చూడండి. తప్పుంటే తాత్పర్యంలో ఉన్నదే, మీ కొలతలు వేసి, నోటీసులో చెప్పిన గడువులోగా రాసి ఇవ్వండి. నకలు మీద తేదీతో సహా ఆఫీసు ముద్ర వేయించుకోవడం మరవకండి.