బోర్డుల బాలవ్యాకరణం

దుకాణం బోర్డు మీద, ఫ్లెక్సీ మీద, ఊరి బయటి ప్రహరీ గోడ మీద, పత్రికలో వార్తలను పక్కకు నెట్టి కూర్చున్న ప్రకటనలో కనిపించే భాషకు బోర్డు తెలుగు అని పేరు పెట్టవచ్చు. ఇది గ్రాంథికం కాదు, వ్యావహారికమూ కాదు. ఏ జిల్లా మాండలికంలోనూ ఇమడదు. ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా ఒక్క తీరుగానే ఉంటుంది. 2014లో రాష్ట్రం రెండయినా ఇది మాత్రం విడిపోలేదు. రెండు రాష్ట్రాలకూ మిగిలిన ఉమ్మడి ఆస్తుల్లో తగాదా లేనిది ఇదొక్కటే.

ముందుగా వర్ణమాల. పరవస్తు చిన్నయ సూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 వర్ణాలని లెక్క తేల్చాడు. ఒత్తక్షరాలు ఆ 36లో లేవు. సంస్కృత పదాలతో పాటు వలస వచ్చాయి. ఈ సంగతి పండితులు మరిచిపోయారు గాని మెస్సుల యజమానులు మరవలేదు. ‘బోజనం తయార్’, ‘దరలు తక్కువ’ అని రాయించేవారిని తప్పుబట్టే ముందు వారు సూరికి నేరుగా వారసులన్నది గమనించాలి. ‘స్వచ్చమైన నెయ్యి’ అమ్మేవాడు డబ్బా మూత తీయకముందే ఒక ఒత్తు మేర కల్తీని బయటపెట్టేస్తున్నాడు, అంతకన్నా నిజాయితీ ఎక్కడుంది? ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, బట్టల కొట్లకు గిరాకీ ఉండదు, అందుకని ధరలు దించుతారు. ఆ దించడం నెల పేరుతోనే మొదలై ‘ఆషాడం బంపర్ సేల్’ అవుతుంది.

ఇలా ఆదా చేసిన ఒత్తులను ఎవరూ పారేయరు. ద్రవ్యనిత్యత్వ నియమం బోర్డులకూ వర్తిస్తుంది. హోటల్లో మాయమైన ఒత్తు ‘విధ్యాసంస్థల’ గేటు మీద తేలుతుంది, ‘ధంత వైధ్యశాల’లో పళ్లు పీకించుకుంటుంది, ‘జన్మధిన’ సందర్భంగా ‘హార్ధిక’ శుభాకాంక్షలు చెబుతుంది. అన్నం దగ్గర మిగిల్చింది చదువు మీదా వైద్యం మీదా ఖర్చుపెట్టడం తెలుగు మధ్యతరగతికి అలవాటైన పద్ధతే కదా! కొన్నిచోట్ల కొత్త ఒత్తు కొననక్కర్లేకుండా ఉన్నదాన్నే సర్దుతారు. ర్యాంకులు తెచ్చిన పిల్లల ఫొటోల కింద ‘మా విధ్యార్దులు’ అని ఉంటుంది. పదంలో ఒత్తక్షరం ఒకటుండాలని ఆపరేటరుకు గుర్తుంది, అది ఏ సీట్లో కూర్చోవాలో గుర్తులేదు.

వట్రుసుడి విషయంలో ఇచ్చిపుచ్చుకోవడం ఇంకా కచ్చితంగా జరుగుతుంది. ఉండాల్సిన చోట తీసేసి ‘గ్రుహప్రవేశం’, ‘అక్షయ త్రుతీయ’ అంటారు. తీసినదాన్ని ‘అశృనివాళి’లో అతికిస్తారు. బంగారు కొట్లవాళ్లు అక్షయ తృతీయకు పేజీలకు పేజీలు ప్రకటనలిచ్చి తరుగు లేదు, మజూరీ లేదు అంటారు. నగలో లేని తరుగు తిథి పేరులో పడుతుంది.

ఇంతవరకు చెప్పిన తప్పులతో అర్థానికి పెద్దగా దెబ్బ లేదు. అర్థాన్నే మార్చేవి కొన్ని ఉన్నాయి. శాకాహారాన్ని శాఖాహారం చేసి కొమ్మలు వడ్డిస్తున్నారన్న హాస్యం బడిపంతుళ్లు తరాలుగా చెబుతున్నారు, హోటళ్లు తరాలుగా పెడచెవిన పెడుతున్నాయి. అదే బోర్డు కింద ‘మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు’ అని ఉంటే మాత్రం ఉన్న శాఖలన్నీ వంటకే సరిపోయాయని అనుకోవాలి. రైలు పట్టాల పక్క గోడల మీద మూలశంక కాస్తా మూలశంఖ అవుతుంది. ఉన్న బాధ చాలదన్నట్టు లోపల శంఖం కూడా ఉందని రోగికి అప్పుడు తెలుస్తుంది.

అన్నిటికన్నా ఖరీదైన అక్షరం రియల్ ఎస్టేట్‌లో ఉంది. ప్లాటంటే ఖాళీ స్థలం, ఫ్లాటంటే అపార్ట్‌మెంట్‌లో ఇల్లు. తెలుగు లిపిలో ఈ రెంటి మధ్య ఉన్నది ప కింద ఒక చిన్న గీత. ఆ గీత ఉంటే నాలుగు గోడలు, పైకప్పు, లిఫ్టు, నెలనెలా మెయింటెనెన్సు, లేకపోతే మట్టి. తుమ్మకంప తప్ప మరేమీ లేని చేలో తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్లు పాతి ‘ఫ్లాట్లు అమ్మబడును’ అని బోర్డు నిలబెడతారు. కొనడానికి వచ్చిన కుటుంబం ఫ్లాట్లు ఎక్కడున్నాయో తెలియక కాసేపు ఆకాశం వైపు చూస్తుంది. ఊళ్లోకి వస్తే అయిదో అంతస్తు బాల్కనీ నుంచి ‘ప్లాట్లు కలవు’ అన్న గుడ్డ వేలాడుతుంటుంది. ఏజెంటు నోట రెండూ ఒకటే మాట కాబట్టి రిజిస్ట్రేషన్ రోజున దస్తావేజు రాసే లేఖరి వచ్చేదాకా గీత సంగతి ఎవరికీ పట్టదు. లేఖరి మాత్రం పొరబడడు, ఆయన రాసేది చదరపు గజాల్లో.

ఇక క్రియ. బోర్డు తెలుగులో కర్త ఉండడు. ఇల్లు అద్దెకు ఇవ్వబడును, పాత బంగారం కొనబడును, మిక్సీలు రిపేరు చేయబడును, అప్పు ఇవ్వబడదు. ‘ఇస్తాం’ అంటే ఎవరిస్తారని అడిగేవాళ్లు వస్తారు. ‘ఇవ్వబడును’ అంటే వర్షం పడినట్టు పని దానంతటదే జరిగిపోతుంది, పేచీ వస్తే పట్టుకోవడానికి మనిషి దొరకడు. ‘బడు’ చేర్చి రాసే వాక్యం తెలుగువాళ్ల నోట సహజంగా రాదని వ్యాకర్తలు ఎంత మొత్తుకున్నా బోర్డు వదలదు. ‘ఇచ్చట బట్టలు కుట్టబడును’ అన్న వాక్యం ఎవరు కుడతారో చెప్పదు, ఎప్పుడు కుడతారో అసలే చెప్పదు. దర్జీల విషయంలో దీన్ని దోషమనకూడదు, వాస్తవిక చిత్రణ అనాలి.

ఈ క్రియకు ఉన్న ఇబ్బందల్లా పొడవే. గేటు వెడల్పు ముందే నిర్ణయమై ఉంటుంది, వాక్యం దానిలో పట్టాలి. పెయింటరు ఎడమవైపు పెద్దక్షరాలతో హుషారుగా మొదలుపెట్టి, కుడి అంచుకు వచ్చేసరికి మిగిలినదాన్ని కింది వరసలోకి దించుతాడు. అప్పుడు పై వరసలో ‘ఈ స్థలము అమ్మ’ అని, కింద ‘బడును’ అని మిగులుతుంది. దారిన పోయేవాళ్లు ఆ తల్లికేమైందోనని ఆగుతారు. ప్రకటన లక్ష్యం కూడా మనుషులను ఆపడమే.

టీవీ ప్రకటనల వ్యాకరణం వేరు, అది ముంబయిలో పుడుతుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, హిందీలోనూ మామూలుగా అంతే. కాని హిందీ ప్రకటన నాటకీయత కోసం క్రియను ముందుకు లాగి సరుకు పేరును చివరికి అట్టే పెడుతుంది. నటి పెదవులు ఆ వరసలో కదిలాయి కనుక డబ్బింగు మాటలూ ఆ వరసలోనే నడవాలి. ‘ఎందుకంటే ఇందులో ఉంది వేప మరియు తులసి’ అన్న వాక్యం అలా వస్తుంది. వేపా తులసీ అంటే సరిపోయే చోట ‘మరియు’, మీ చర్మం అంటే సరిపోయే చోట ‘మీ చర్మం యొక్క’ దిగుతాయి. రెండు పెదాల కదలికలు మిగిలిపోతే వాటిని నింపడానికి వీటికన్నా చవక సరుకు లేదు. ప్రకటనలోని అత్తగారు కోడలితో ‘ఇది కాదు మామూలు సబ్బు’ అంటుంది. ఏ తెలుగింట్లోనూ ఏ అత్తా ఇంత పొందికగా మాట్లాడదు.

తప్పులకు మూలం ఏమిటన్నది చూస్తే, కుంచె కాలంలో వాటికి కొంత ఆయువు తక్కువ. పెయింటరు సుద్దతో గీతలు గీసుకుని, నిచ్చెనెక్కి, ఒక్కో అక్షరం రాస్తుంటే కింద జనం చేరేవారు. వాళ్లలో చదువుకున్నవాడెవడో ఒకడు ‘ఒత్తు మరిచావు’ అని అరిచేవాడు. రంగు తడిగా ఉండగానే గుడ్డను కిరసనాయిల్లో ముంచి తుడిచేవారు. ఫ్లెక్సీ వచ్చాక ఆ మూక లేదు. డీటీపీ ఆపరేటరు నమూనాను వాట్సాప్‌లో పంపుతాడు, యజమాని ‘ఓకే’ అంటాడు, గంటలో అచ్చవుతుంది. ఫ్లెక్సీకి లెక్క చదరపు అడుగుల్లో కనుక ఒత్తు పెట్టినా పెట్టకపోయినా బిల్లు ఒక్కటే.

యంత్రం దిద్దుతుందనుకోవడానికీ లేదు. డీటీపీ సెంటర్లను ఏలిన అను ఫాంట్లు యూనికోడ్ కావు. పైకి తెలుగు కనిపిస్తున్నా లోపల ఉన్నది వేరే సంకేతాలు, కాబట్టి స్పెల్‌చెక్‌కు అక్కడ తెలుగన్నదే కనిపించదు. యూనికోడ్‌లో టైపు చేసినదాన్ని ఫొటోషాప్‌లో భారతీయ లిపుల సెట్టింగు నొక్కకుండా అతికిస్తే ఒత్తులు అక్షరాన్ని వదిలి పక్కకు జరిగి నిలబడతాయి. ఫోన్ల సంగతి మరీ విచిత్రం. తెలుగువాళ్లు ఇంగ్లీషు లిపిలో పేరు రాసేటప్పుడు డ నుంచి వేరు చేయడానికి ద కోసం డి పక్కన హెచ్ పెడతారు. అదే అలవాటుతో ఫోన్లో కొడితే కీబోర్డు దాన్ని నమ్మి ధ ఇస్తుంది. ‘విధ్య’, ‘జన్మధినం’ ఫోన్లకు ముందే ఉన్నాయి, ఇప్పుడు వాటికి వేళ్ల సహాయం కూడా అందింది.

డబ్బిచ్చి కొనుక్కునే తప్పులు ఇంకొక జాతి. సంఖ్యాశాస్త్రం చూసే ఆయన దుకాణం ఇంగ్లీషు పేరులో ఒక ‘ఏ’ ఎక్కువ పడాలనో, ఒక ‘ఎస్’ జంటగా ఉండాలనో చెబుతాడు, రుసుము పుచ్చుకుంటాడు. యజమాని ఆ అదనపు అక్షరం సరిగ్గా పడిందో లేదో భూతద్దం పెట్టి చూస్తాడు. దాని పైనే ఉన్న తెలుగు పేరులో ఊరికే పోయిన అక్షరం ఆయన కంటికి ఆనదు.

బోర్డు తెలుగులో తప్పు పడని చోట్లూ ఉన్నాయి. ఫోన్ నంబరులో పది అంకెలూ సరిగ్గా ఉంటాయి, యజమాని వాటిని వేలు పెట్టి మూడుసార్లు చదువుతాడు. ప్రొప్రయిటర్ పేరు, ఇనీషియళ్లతో సహా, తప్పిపోదు. ధర తప్పదు, తప్పినా కొట్టుకు నష్టం వచ్చే వైపు తప్పదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం వెంచర్ల ప్రకటనల్లో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ‘అబివృద్ది’ చెందుతున్న ‘ప్రాంథం’లో ఉన్న వెంచరైనా ఆ నంబరు మాత్రం అక్షరం పొల్లు పోదు, దాని వెనక జరిమానా ఉంది. బోర్డులు రాసేవాళ్లకు శ్రద్ధ లేదనడం అన్యాయం. శ్రద్ధ పుష్కలంగా ఉంది, నష్టం వచ్చే దిక్కుకు మాత్రమే చూస్తుంది.

ఒత్తు వెనక జరిమానా లేదు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద వచ్చిన నిబంధనలు పేరు బోర్డు తెలుగులో ఉండాలని, మిగతా భాషలు దాని కింద ఉండాలని చెప్పాయి. ఏ తెలుగులో అన్నది చెప్పలేదు. దాంతో తెలుగు పేరు పైనే ఉంటుంది, మందుచీటీ మీద రాతంత సైజులో. 1985లో ఏర్పడిన ప్రకటనల ప్రమాణాల మండలి ప్రకటనలో చెప్పింది నిజమా కాదా చూస్తుంది, గుణింతం దాని పరిధిలోకి రాదు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చింది, ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతికి వ్యాపారులు చందాలేసుకుని ‘తెలుగు బాషా దినోత్సవ’ ఫ్లెక్సీలు కడతారు. గిరాకీ కూడా శిక్షించడు. బోజనం రుచిగా ఉంటే తింటాడు, లేకపోతే పక్క మెస్సుకు పోతాడు, అక్కడా బోజనమే.

దిద్దుబాటుకు పద్ధతి లేకపోలేదు. తప్పు పడిన అక్షరం మీద స్టిక్కరు అంటించవచ్చు. ఎండకు స్టిక్కరు రంగు ఒకటి, ఫ్లెక్సీ రంగు ఒకటయి తప్పు ఇంకా దూరం నుంచి కనిపిస్తుంది కనుక ఎక్కువమంది ఆ జోలికి పోరు. దుకాణం ఫోన్ నంబరు మారినప్పుడే కొత్త ఫ్లెక్సీ వేయిస్తారు. ఆపరేటరు పాత ఫైలే తెరిచి, అంకెలు మార్చి, మిగతాది ముట్టుకోకుండా ప్రింటుకు పంపుతాడు.